సోల్డరింగ్ ఐరన్ ఆ అమ్మాయి చేతిలోనే ఉండనివ్వండి

అమ్మాయిల కోసం సైన్స్, టెక్నాలజీ క్యాంపులు నడిపే నిర్వాహకులకు, శిక్షకులకు, వాటికి డబ్బు సమకూర్చే సంస్థలకు బహిరంగ లేఖ

నమస్కారం.

క్యాంపుల్లో ఎలక్ట్రానిక్స్ బల్ల దగ్గర పిల్లల పక్కన కూర్చునే వాలంటీర్లలో నేనూ ఒకరిని. మీరు చేస్తున్న పని మీద నాకు గట్టి నమ్మకం ఉంది. సెలవులు దగ్గరపడ్డాయంటే హాలు వెతకడం, కిట్లు తెప్పించడం, తల్లిదండ్రులకు ఒక్కొక్కరికీ ఫోన్ చేసి ఒప్పించడం, సాయంత్రం చివరి అమ్మాయి ఇంటికి చేరిందని తెలిసేదాకా నిద్రపోకపోవడం, ఇవన్నీ దగ్గరుండి చూశాను. అందుకే ఈ మాట వేరెవరితోనో కాకుండా మీతోనే చెప్పుకోవాలనిపించింది.

క్యాంపు అయిపోయాక మనం రాసే నివేదికలో ఎంతమంది వచ్చారు, ఎన్ని సర్టిఫికెట్లు ఇచ్చాం, ఎన్ని ప్రాజెక్టులు ప్రదర్శించాం అన్న లెక్కలుంటాయి. ఎవరి చేతులు ఎంతసేపు పనిచేశాయన్న లెక్క మాత్రం ఉండదు. నన్నడిగితే మొదటి పేజీలో ఉండాల్సింది అదే. క్యాంపు మొత్తం మీద ప్రతి అమ్మాయి చేతిలో పనిముట్టు ఎంతసేపు ఉంది? తను కట్టిన సర్క్యూట్ పనిచేయనప్పుడు లోపం ఎక్కడుందో వెతికి పట్టుకున్నది తనేనా, లేక పక్కనున్న మనం చేయి చాచి సరిచేసేశామా?

ఎందుకింతగా అడుగుతున్నానో ఒక సంగతి చెబితే మీకే తెలుస్తుంది. బుల్లి చక్రాల బండి చేయించే క్యాంపుల్లో తరచూ ఎదురయ్యేదే ఇది. ప్రోగ్రాం ఎక్కిస్తే దాని ప్రకారం నడిచే బుల్లి కంప్యూటర్ లాంటి మైక్రోకంట్రోలర్ బోర్డు ఒకటి, రెండు చిన్న మోటార్లు, వాటిని నడిపే డ్రైవర్ చిప్, నాలుగు పెన్సిల్ సెల్స్. అమ్మాయి ప్రోగ్రాం సరిగ్గానే రాసింది. బోర్డు మీద దీపం వెలుగుతోంది. మోటారు తిరగమనగానే చక్రం ఒక్క కుదుపు కుదిపి ఆగిపోతుంది. బోర్డు మొదటి నుంచి మొదలవుతుంది. మళ్లీ కుదుపు, మళ్లీ ఆగడం. అమ్మాయి ప్రోగ్రాంలో ఒక్కో వరుసా తిరగేస్తుంది. ఎక్కడా తప్పు కనబడదు. కాసేపటికి కుర్చీ వెనక్కి జరిపేసి, తనకిది రాదని తీర్మానించేసుకుంటుంది.

తెలిసినవాళ్లకు కారణం చాలా మామూలుది. ఆగి ఉన్న మోటారు కదలడం మొదలుపెట్టే క్షణంలో, తేలిగ్గా తిరిగేటప్పటికంటే ఎన్నో రెట్లు ఎక్కువ కరెంటు లాగుతుంది. చిన్న సెల్స్ అంత భారం మోయలేవు కాబట్టి వాటి వోల్టేజీ పడిపోతుంది. బోర్డుకు కావలసిన కనీస వోల్టేజీ అందక అది ఆరిపోయి మళ్లీ మొదలవుతుంది. బోర్డు ఆరగానే మోటారూ ఆగుతుంది, వోల్టేజీ కోలుకుంటుంది, కథ మొదటికొస్తుంది. మోటార్లకు విడిగా బ్యాటరీ పెట్టి, రెండు బ్యాటరీల నెగెటివ్ వైర్లను కలిపితే సరిపోతుంది. శిక్షకుడికి ఇది చూడగానే తెలిసిపోతుంది. వైరు తీసి పెట్టడానికి అరనిమిషం పట్టదు. బండి నడుస్తుంది, చప్పట్లు వినిపిస్తాయి, షెడ్యూలు కూడా తప్పదు. కానీ ఆ అమ్మాయికి మిగిలేది ఏమిటి? తనకు పనిచేయనిది ఇంకొకరు ముట్టుకోగానే పనిచేసిందన్న జ్ఞాపకం. రెండు గంటల ఉపన్యాసంతో కూడా ఆ జ్ఞాపకాన్ని చెరపలేం.

అదే బల్ల దగ్గర వేరేలా జరగడమూ చూశాను. అక్కడున్న శిక్షకురాలు వైర్ల జోలికి పోలేదు. "ఎప్పుడు ఆగుతోందో చూడు, ఎప్పుడు ఆగట్లేదో కూడా చూడు" అని మాత్రం చెప్పి పక్కకు వెళ్లింది. అమ్మాయి కాసేపు బండిని అటూ ఇటూ తిప్పింది. చేత్తో పైకెత్తి పట్టుకుంటే చక్రాలు గాలిలో చక్కగా తిరిగాయి. కింద పెడితే కుదుపులు. మళ్లీ ఎత్తింది, మళ్లీ దించింది. "నేల మీద పెడితేనే ఆగుతోందంటే ప్రోగ్రాంలో తప్పు లేనట్టే కదా" అంది పక్కనున్న అమ్మాయితో. అప్పుడు వోల్టేజీ, కరెంటు కొలిచే మల్టీమీటరు అడిగింది. దాని కొనలు రెండూ బ్యాటరీ మీద పెట్టి, చక్రాన్ని కదలకుండా వేలితో ఆపమని స్నేహితురాలికి చెప్పింది. 6 వోల్టుల దగ్గర నిలబడ్డ అంకె ఊగుతూ కిందికి జారింది. ఆ అంకెను చూసి ఇద్దరూ ఒకేసారి "బ్యాటరీ!" అన్నారు. ఇదంతా అయ్యేసరికి ఆ పూట పాఠం సగమే పూర్తయింది. నన్నడిగితే ఆ క్యాంపులో జరిగిన అతి ముఖ్యమైన పాఠం అదే. పరిస్థితి మార్చి చూడటం, ఒక అనుమానాన్ని కొట్టేయడం, ఇంకో అనుమానాన్ని కొలిచి రూఢి చేసుకోవడం, పెద్ద ప్రయోగశాలల్లో జరిగేదీ ఇదే.

షెడ్యూల్లో ఈ సమయానికి చోటు పెట్టండి. పది ప్రాజెక్టులు చూపించాలన్న తాపత్రయంతో పదీ సగం సగం చేయించడం కన్నా, మూడు చేయించి అవి చెడిపోవడానికీ బాగుపడటానికీ వ్యవధి ఇవ్వడం మేలు.

ఇక గ్రూపుల విషయం. నేను ఎక్కువసేపు మాట్లాడాలనుకున్నది దీని గురించే. అబ్బాయిలూ అమ్మాయిలూ కలిసి చేసే బల్లల దగ్గర పనులు ఎలా పంపకమవుతాయో గమనించే ఉంటారు. అబ్బాయి చేతిలో స్క్రూడ్రైవర్ ఉంటుంది. అమ్మాయి నోట్సు రాస్తుంది, చార్టు మీద శీర్షిక అందంగా దిద్దుతుంది, ప్రదర్శన రోజున వివరించి చెబుతుంది. అలా చేయమని ఎవరూ చెప్పరు. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఫిజిక్స్ ల్యాబుల్లో ఈ సంగతినే గమనించి 2020లో ప్రచురించారు. విద్యార్థులు తమంతట తాము పనులు పంచుకునే ల్యాబుల్లో పరికరాల దగ్గర అబ్బాయిలు, ల్యాప్‌టాప్‌ల దగ్గర అమ్మాయిలు ఎక్కువసేపు గడిపారు. ఏం చేయాలో అడుగడుగునా ముందే నిర్దేశించిన పాతపద్ధతి ల్యాబుల్లో ఈ తేడా కనబడలేదు. పోనీ అమ్మాయిలకు ఆ పనే ఇష్టమేమో అనుకుందామా అంటే, ఇష్టాయిష్టాలు అడిగి చూసిన తర్వాతి అధ్యయనంలో ఆడామగా మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. పిల్లల్ని స్వేచ్ఛగా వదిలేస్తే పనులు వాటంతటవే సమానంగా సర్దుకుంటాయన్న నమ్మకం మనలో చాలామందికి ఉంది. సర్దుకోవు. బయట ప్రపంచం నేర్పిన పంపకమే బల్ల మీదికి వచ్చి కూర్చుంటుంది.

ఈ పంపకం పెద్దవాళ్లతోనే మొదలవుతుంది. 2001లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో పరిశోధకులు ఒక సైన్స్ మ్యూజియంలో తల్లిదండ్రులు పిల్లలతో ఏం మాట్లాడుతున్నారో రికార్డు చేశారు. చేత్తో తిప్పి, నొక్కి చూసే ప్రదర్శనల దగ్గర, అది ఎందుకలా జరుగుతోందన్న వివరణ అబ్బాయిలకు అమ్మాయిలకంటే మూడు రెట్లు ఎక్కువగా దొరికింది. మీట తిప్పడంలో అమ్మాయిలేమీ వెనకబడలేదు. వాళ్లూ అంతే ఉత్సాహంగా తిప్పారు. ఎందుకన్నది మాత్రం వాళ్లకు చెప్పినవాళ్లు తక్కువ. ఆ తల్లిదండ్రులు బిడ్డల మధ్య తేడా చూపించాలని అనుకుని ఉండరు. మన శిక్షకులూ అనుకోరు. అందుకే మంచి మనసు ఒక్కటే చాలదు, బల్ల దగ్గర నియమం కావాలి.

అమ్మాయిలు మాత్రమే ఉండే క్యాంపులకు ఇవేవీ వర్తించవని అనుకోకండి. అబ్బాయిలు లేకపోవడం వల్ల కలిగే మేలు నిజమైనదే. ఇంజనీరింగ్ విద్యార్థులను నలుగురేసి గ్రూపులుగా కూర్చోబెట్టిన ఒక ప్రయోగం 2015లో ప్రచురితమైంది. నలుగురిలో ముగ్గురు అమ్మాయిలున్న గ్రూపుల్లో వాళ్లు నోరు విప్పి మాట్లాడారు. ఒక్కరే ఉన్న గ్రూపుల్లో వెనక్కి తగ్గారు. కానీ అమ్మాయిల మధ్య కూడా ఇంట్లో కంప్యూటర్ ఉన్నమ్మాయి, లేనమ్మాయి ఉంటారు. అన్నయ్య పాత రేడియో విప్పుతుంటే పక్కన కూర్చుని చూసినమ్మాయి, స్క్రూడ్రైవర్ ఎప్పుడూ పట్టుకోనమ్మాయి ఉంటారు. అలవాటున్న చేయి ముందుకు వస్తుంది. అలవాటు లేని చేయి ఒళ్లో ఉండిపోతుంది. క్యాంపు ఎవరికోసం పెట్టామో ఆ అమ్మాయే మూడు రోజులూ చూస్తూ కూర్చుంటుంది.

కాబట్టి కిట్టు ఇద్దరికి ఒకటి ఉండాలి. నలుగురికో ఐదుగురికో ఒకటి అంటే ఇద్దరు చేస్తారు, మిగతావాళ్లు చూస్తారు. డబ్బు సరిపోదంటే ఖరీదైన రోబో కిట్లు మానేయండి. ఐదుగురు చుట్టూ నిలబడి చూసే ఒక్క రోబో కన్నా ఇద్దరికొకటి చొప్పున, భాగాలను గుచ్చి సర్క్యూట్ కట్టే బ్రెడ్‌బోర్డు, కరెంటును అదుపు చేసే రెసిస్టర్లు కొన్ని, ఎల్‌ఈడీలు, ఒక మల్టీమీటరు ఎన్నో రెట్లు నయం. డబ్బు ఇచ్చే సంస్థలకు కూడా ఇదే విన్నపం. ఫొటోలో బాగా కనిపించే పరికరం కోసం పట్టుబట్టకండి. సర్క్యూట్ పని, ప్రోగ్రాం పని, రాతపని గంటగంటకూ చేతులు మారాలి. పని మారే వేళకు గంట కొట్టండి. మొహమాటం లేకుండా అమలు చేయండి, మొదటి పూట కాస్త గొడవ చేసినా పిల్లలు తొందరగానే అలవాటుపడతారు.

శిక్షకులకు ఒక్కటే నియమం చాలు. అమ్మాయి చేతిలో ఉన్న వస్తువును తీసుకోకూడదు. చూపించాల్సి వస్తే మీ బోర్డు మీద, మీ వైర్లతో చూపించండి. తన బోర్డు తన చేతిలోనే ఉంటుంది. ఇది మాట తప్పకుండా పాటించడం ఎంత కష్టమో బల్ల దగ్గర కూర్చున్నవాళ్లకే తెలుస్తుంది. వేడి మొనతో సోల్డర్ అనే లోహపు తీగను కరిగించి భాగాలను అతికించే సోల్డరింగ్ దగ్గరైతే మరీ. మొన వేడి దాదాపు 350 డిగ్రీల సెల్సియస్ ఉంటుంది. అమ్మాయి చేయి వణుకుతుంటే మన చేయి అప్రయత్నంగా ముందుకెళ్తుంది. పాఠం సరిగ్గా మొదలుపెడితే ఆ అవసరం రాదు. కళ్లద్దాలు, వెనక్కి కట్టిన జుట్టు, సీసం లేని సోల్డర్, పొగ బయటికి పోయే ఏర్పాటు, ఐరన్ పెట్టడానికి స్టాండు, పని అయ్యాక చేతులు కడుక్కోవడం, ముందు ఇవి. ఆ తర్వాత చల్లటి ఐరన్‌తో కాసేపు ఉత్తుత్తి అభ్యాసం చేయించండి. పెన్ను పట్టుకున్నట్టు పిడి దగ్గర పట్టుకోవడం చేతికి అలవాటవుతుంది. మొనను బోర్డు మీది రాగి చుక్కకూ, పరికరం కాలికీ, అంటే దాని నుంచి బయటికొచ్చే లోహపు తీగకీ, ఒకేసారి తగిలేలా ఆనించి రెండు మూడు క్షణాలు ఆగాలి. సోల్డర్‌ను మొనకు కాకుండా వేడెక్కిన కాలికి తాకించాలి. అది కరిగి చుట్టూ పాకుతుంది. ముందు సోల్డర్, తర్వాత ఐరన్ తీసేయాలి. వేడి చాలకపోతే సోల్డర్ చిన్న ఉండలా పైన కూర్చుంటుంది, లోపల అతకదు. అప్పుడు మల్టీమీటరును బీప్ వచ్చే చోటికి తిప్పి, దాని కొనలు అతుకుకు అటొకటి ఇటొకటి పెట్టమనండి. బీప్ రాకపోతే అతుకు సరిగా పడలేదన్న సంగతి ఆ మీటరే చెబుతుంది, మన నోటితో చెప్పనక్కరలేదు. రెండో ప్రయత్నంలో బీప్ వచ్చినప్పుడు ఆ అమ్మాయి మన ముఖం కేసి చూడదు, తర్వాతి అతుకు ఎక్కడ పెట్టాలో చూసుకుంటుంది.

లెక్కలు కూడా బల్ల మీదే చేయించండి. ఎరుపు ఎల్‌ఈడీకి దాదాపు 2 వోల్టులు చాలు. 5 వోల్టుల సప్లయి అయితే మిగతా 3 వోల్టులూ రెసిస్టర్ మీద పడాలి. 220 ఓమ్‌ల రెసిస్టర్ పెడితే 3ని 220తో భాగించాలి, దాదాపు 14 మిల్లీఆంపియర్లు వస్తాయి. కాగితం మీద వేసిన ఈ లెక్కను మల్టీమీటరుతో సరిచూసుకున్న అమ్మాయికి, వోల్టులను ఓమ్‌లతో భాగిస్తే కరెంటు వస్తుందన్న ఓమ్ సూత్రం ఇక మరిచిపోయే విషయం కాదు. బడిలో అదే సూత్రాన్ని పరీక్ష కోసం బట్టీ పట్టి, పరీక్ష అవగానే వదిలేసిన పిల్లల్ని ఎంతమందినో చూశాం.

వయసు సంగతి త్వరగా చెప్పేస్తాను. చాలా క్యాంపులు పదో తరగతి దగ్గరపడ్డ పిల్లలకో, దాటినవాళ్లకో పెడుతున్నారు. ఇంకా ముందే మొదలుపెట్టాలి. 2017లో 'సైన్స్' పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం ప్రకారం, 5 ఏళ్ల అమ్మాయిలు "చాలా చాలా తెలివైనవాళ్లు" అనగానే తమలాంటి ఆడవాళ్లను చూపించడంలో అబ్బాయిలకు ఏమీ తీసిపోరు. 6 ఏళ్లు వచ్చేసరికి అది తగ్గుతుంది. బాగా తెలివైనవాళ్ల కోసం అని చెప్పిన ఆటల నుంచి తప్పుకోవడమూ అప్పుడే మొదలవుతుంది. అదే పత్రికలో 2006లో వచ్చిన మరో అధ్యయనం, అమెరికాలో ఎనిమిదో తరగతి పిల్లలను పన్నెండేళ్లపాటు గమనించింది. ఆ వయసులో సైన్స్ రంగంలో పనిచేస్తామనుకున్నవాళ్లు, భౌతిక శాస్త్రాల్లోనో ఇంజనీరింగ్‌లోనో డిగ్రీ తెచ్చుకునే అవకాశం మిగతావాళ్లకంటే మూడు రెట్లకు పైగా ఉంది. అంటే 13, 14 ఏళ్లకల్లా మనసులో ఒక రూపం వచ్చేస్తోంది. పదేళ్ల అమ్మాయికి బ్రెడ్‌బోర్డు ఇవ్వడానికి తొందరేమిటని మిమ్మల్ని ఎవరైనా అడిగితే ఈ సంగతి చెప్పండి.

వస్తువును మనసులో తిప్పి చూడగలగడం, అంటే దాని అవతలి వైపు ఎలా ఉంటుందో ఊహించగలగడం, పుట్టుకతోనే రావాలని కొందరంటారు. అది సాధనతో పెరుగుతుంది. షెరిల్ సోర్బీ అనే ఇంజనీరింగ్ ప్రొఫెసర్, 1990లలో మిషిగన్ టెక్నలాజికల్ విశ్వవిద్యాలయంలో ఈ నేర్పు తక్కువగా ఉన్న మొదటి సంవత్సరం విద్యార్థుల కోసం ఒక చిన్న కోర్సు మొదలుపెట్టారు. ప్రవేశ సమయంలో పెట్టే పరీక్షలో వెనకబడేవాళ్లలో అమ్మాయిల వాటా ఎక్కువగా ఉండేది. ఆ కోర్సు చేశాక వాళ్ల నేర్పు మెరుగుపడింది, చదువులో నిలబడ్డవాళ్లూ పెరిగారు. మట్టితో, దిమ్మెలతో, అట్టముక్కలతో ఆకారాలు కట్టించి, నాలుగు వైపుల నుంచీ గీయించడం ఏ క్యాంపులోనైనా పెట్టొచ్చు. దీనికి కరెంటు కూడా అక్కర్లేదు.

ఇప్పుడు ప్రసంగాల గురించి. ప్రారంభోత్సవంలో ప్రముఖులు మాట్లాడతారు. అమ్మాయిలు ఈ రంగంలో ఎంత తక్కువో చెబుతారు. ప్రపంచంలో పరిశోధకుల్లో ఆడవాళ్లు దాదాపు మూడో వంతే అన్నది యునెస్కో లెక్క. అది నిజం. నిధులిచ్చేవాళ్లకు, ప్రభుత్వాలకు గట్టిగా వినిపించాల్సిన నిజం. కానీ వేదిక ముందు నేల మీద కూర్చున్న పదకొండేళ్ల అమ్మాయికి అదే మొదటి మాట కానక్కర్లేదు. ఫ్రాన్స్‌లో మహిళా శాస్త్రవేత్తలు, ఇంజనీర్లు బడులకు వెళ్లి గంటసేపు మాట్లాడిన ఒక పెద్ద కార్యక్రమాన్ని ఆర్థికవేత్తలు పరిశీలించారు. దాని తర్వాత బడి చదువు చివరి ఏడాదిలో ఉన్న అమ్మాయిల్లో, పోటీ ఎక్కువగా ఉండే సైన్స్ కోర్సులు ఎంచుకున్నవాళ్లు పెరిగారు. ఆడవాళ్లు తక్కువమందే ఉన్నారని నొక్కి చెప్పిన ప్రసంగాలకంటే, ఆ ఉద్యోగం ఎలా ఉంటుందో, అందులో ఏం బాగుంటుందో చెప్పిన మాటలే ఎక్కువ పనిచేశాయని వాళ్లు గమనించారు. అందుకే అతిథిని వేదిక మీంచి దించి బల్ల దగ్గర కూర్చోబెట్టమంటున్నాను. తను ప్రస్తుతం చేస్తున్న పనిలో ఇంకా పరిష్కారం దొరకని చిక్కు ఒకటి తెచ్చి పిల్లల ముందు పెట్టమనండి. పరిష్కరించలేక తంటాలు పడుతున్న ఇంజనీరును చూడటం పిల్లలకు చాలా అవసరం.

కథలు చెప్పాలంటే చేతులతో పనిచేసినవాళ్ల కథలే చెప్పండి, అవి బోలెడున్నాయి. మార్గరెట్ నైట్ అనే అమెరికన్ మహిళ అడుగు చదునుగా ఉండే కాగితపు సంచులు చేసే యంత్రాన్ని రూపొందించారు. ఆమె నమూనా తయారవుతున్న చోట దాన్ని చూసిన ఒకాయన తన పేరున పేటెంటు తెచ్చుకున్నాడు. ఆడది ఇంత క్లిష్టమైన యంత్రాన్ని ఎలా అర్థం చేసుకోగలదన్న వాదన వచ్చిందంటారు. ఆమె తన నోటు పుస్తకాలు, బొమ్మలు, నమూనాలు చూపించారు, యంత్రాన్ని దగ్గరుండి చేయించిన తీరును సాక్షులతో చెప్పించారు. కేసు గెలిచి 1871లో పేటెంటు దక్కించుకున్నారు. చిన్నప్పుడు ఆమెకు బొమ్మలాటల కంటే చాకు, బరమా, చెక్కముక్కలే ఇష్టం. అన్నదమ్ములకు గాలిపటాలు, జారుడు బళ్లు చేసిపెట్టేవారట. భారతీయ శాస్త్రవేత్త అన్నా మణి మరో ఉదాహరణ. సి.వి. రామన్ ప్రయోగశాలలో వజ్రాల మీద పనిచేసి, 1948లో వాతావరణ శాఖలో చేరి, వంద దాకా వాతావరణ పరికరాల డ్రాయింగులను ప్రామాణీకరించి, దేశంలోనే తయారయ్యేలా చూశారు. సూర్యరశ్మిని, గాలివేగాన్ని దేశమంతటా కొలిపించారు. 1946లో బయటి ప్రపంచానికి చూపించిన ఎనియాక్ కంప్యూటర్‌కు ప్రోగ్రాములు సిద్ధం చేసిన ఆరుగురూ ఆడవాళ్లే. యంత్రం ఉన్న గదిలోకి వెళ్లడానికి మొదట్లో అనుమతి లేకపోతే, దాని సర్క్యూట్ల బొమ్మలు చదివి అదెలా పనిచేస్తుందో తెలుసుకున్నారు. ఇలాంటి కథ విన్నాక "మరి ఆ బొమ్మలు ఎలా ఉండేవి?" అని ఒక్క అమ్మాయి అడిగినా చాలు, అక్కడి నుంచి నేరుగా బల్ల దగ్గరికి తీసుకెళ్లొచ్చు.

గులాబీ రంగు కిట్లు, నగల్లో దీపాలు వెలిగించే ప్రాజెక్టుల మీద వాదనలు విన్నాను. రంగుతో నాకు పేచీ లేదు. బట్టల మీద కుట్టే సర్క్యూట్లు కూడా అసలైన సర్క్యూట్లే, వాటిలోనూ షార్ట్ సర్క్యూట్ అవుతుంది, వెతకాల్సి వస్తుంది. అమ్మాయిలు కదా అని తేలిక చేసి ఇచ్చినప్పుడే నాకు బాధ. అన్నీ ముందే అతికించి, ఒక్క మీట నొక్కితే వెలిగే కిట్టు ఇచ్చి, చివర్లో శభాష్ అంటే పిల్లలు పోల్చుకోలేరా? ఇట్టే పోల్చుకుంటారు.

క్యాంపు ఆఖరి రోజు గురించి రెండు మాటలు. ప్రదర్శనకు పనిచేసే ప్రాజెక్టులే పెడతాం, పనిచేయనివి బల్ల కిందికి పోతాయి. పనిచేయనివీ పైనే పెట్టండి. మొదటి రోజు నుంచి ప్రతి అమ్మాయికీ లోపాల పుస్తకం ఒకటి ఇవ్వండి. ఏం చేశాను, ఏం జరగాలి, ఏం జరిగింది, ఏం అనుమానించాను, ఎలా పరీక్షించాను అని రాసుకుంటుంది. ఆఖరి రోజున బండి నడవకపోయినా ఆ పుస్తకం చూపించి మాట్లాడగలదు. తల్లిదండ్రులను వరుసగా నడిపించి చప్పట్లు కొట్టించే బదులు కూర్చోబెట్టండి. కూతురు నేర్పుతుంటే అమ్మో నాన్నో ఒక అతుకు సోల్డర్ చేయాలి. చేయి కాలుతుందేమోనని మొదటి రోజు భయపడినవాళ్లే, కూతురు "అలా కాదు నాన్నా, ముందు కాలిని వేడెక్కనివ్వు" అంటుంటే విని ఆ మాట ప్రకారం చేస్తారు. తర్వాతి క్యాంపుకు పంపడానికి వాళ్లను ఒప్పించాల్సిన పని మీకు ఉండదు.

ఆ తర్వాతే మన క్యాంపుల అసలు బలహీనత బయటపడుతుంది. సాయంత్రం కిట్లన్నీ లెక్కపెట్టి పెట్టెలో సర్దేస్తాం. అమ్మాయి సర్టిఫికెట్ తీసుకుని ఇంటికి వెళుతుంది. నేర్చుకున్నది తిరిగి చేసి చూడటానికి ఆ ఇంట్లో ఒక్క వైరు ముక్క కూడా ఉండదు. రెండు నెలలకు చేయి మరిచిపోతుంది, ధైర్యం కూడా మరుగునపడుతుంది. బ్రెడ్‌బోర్డు, మల్టీమీటరు, కొన్ని భాగాలు ఆ అమ్మాయి వెంట ఇంటికి పంపండి. సర్టిఫికెట్ల ముద్రణ, జ్ఞాపికలు, వేదిక అలంకరణ తగ్గిస్తే ఆ డబ్బులో కొంత అక్కడే దొరుకుతుంది. మొత్తం ఇవ్వలేకపోతే గ్రంథాలయం పుస్తకాల్లా అరువు ఇవ్వండి. నెలకోసారి ఒక సాయంత్రం బల్ల తెరిచి ఉంచండి, చెడిపోయినవి తెచ్చుకుని బాగుచేసుకుంటారు. అప్పటి పిల్లలను మరుసటి ఏడాది శిక్షకులకు తోడుగా పిలవండి. ఇంజనీరింగ్ మొదటి ఏడాది చదివే అమ్మాయిలకు పై తరగతి అమ్మాయిలను తోడుగా ఇచ్చిన ఒక ప్రయోగం 2017లో ప్రచురితమైంది. అలా తోడు దొరికినవాళ్లలో ఆ ఏడాది ఒక్కరు కూడా ఇంజనీరింగ్ వదిలిపెట్టలేదు. వాళ్లు కాలేజీ విద్యార్థులు, మనవాళ్లు చిన్నపిల్లలు, నిజమే. అయినా పదమూడేళ్ల అక్క పదేళ్ల చెల్లికి మల్టీమీటరు తిప్పి చూపిస్తుంటే చూసినవాళ్లెవరికీ దాని విలువ విడమరిచి చెప్పనక్కర్లేదు.

చివరగా లెక్కల విషయానికే వస్తాను. మొదటి రోజు, చివరి రోజు "శాస్త్రవేత్త బొమ్మ గీయండి" అని పిల్లలకు కాగితాలిచ్చి, ఆడబొమ్మలు ఎన్ని పెరిగాయో నివేదికలో రాయడం చాలా క్యాంపుల్లో అలవాటు. అది 1983లో డేవిడ్ చాంబర్స్ ప్రచురించిన పరీక్ష. ఆయన చూసిన 4,807 బొమ్మల్లో ఆడ శాస్త్రవేత్తలు 28 మాత్రమే, అవన్నీ అమ్మాయిలు గీసినవే. సమాజం మనసులో ఏముందో తెలుసుకోవడానికి మంచి పరీక్ష అది. మూడు రోజుల క్యాంపులో ఒక అమ్మాయి ఏం చేయగలిగిందో దాంతో తెలియదు. ఎందుకంటే చివరి రోజున మనకేం బొమ్మ కావాలో పిల్లలకు అప్పటికే తెలిసిపోయి ఉంటుంది.

దాని బదులు ఒక మనిషిని గడియారంతో కూర్చోబెట్టండి. పది నిమిషాలకోసారి ప్రతి బల్ల దగ్గర పనిముట్టు ఎవరి చేతిలో ఉందో గీత గీస్తే చాలు. అమ్మాయి పేరు అక్కర్లేదు, కుర్చీ సంఖ్య వేస్తే సరిపోతుంది. శిక్షకుడి చేతిలో ఉంటే అదీ రాయాలి. మొదటి పూట లెక్క చూసుకుని రెండో పూట కుర్చీలు మార్చుకోవచ్చు. క్యాంపు అయ్యాక ఆ కాగితాన్ని, లోపాల పుస్తకాల్లోంచి పిల్లలు అనుమతించిన నాలుగు పేజీలను నివేదికకు జతచేయండి. నిధులిచ్చే సంస్థలు కూడా ఫొటోల కంటే ముందు ఆ కాగితం అడగడం అలవాటు చేసుకోవాలని నా విన్నపం.

రాబోయే సెలవుల్లో మీ క్యాంపు తేదీలు ఖాయమయ్యాక తెలియజేయండి. శిక్షకులుగా ఇప్పటికే కావలసినంతమంది ఉంటే ఆ గీతలు గీసే పనికి వస్తాను.

ఇట్లు,
ఎలక్ట్రానిక్స్ బల్ల దగ్గరి వాలంటీర్